విల్లిస్ క్యారియర్: గాలికీ గొట్టానికీ మధ్య వేడిని కొలిచిన ఇంజినీరు

1901 జులైలో అమెరికాలోని బఫెలో నగరంలో, బఫెలో ఫోర్జ్ అనే కర్మాగారంలో వారానికి 10 డాలర్ల జీతం మీద ఒక యువ ఇంజినీరు చేరాడు. ఆ సంస్థ పెద్ద పెద్ద పంకాలను, భవనాలను వెచ్చబరిచే ఆవిరి గొట్టాల చుట్టలను తయారుచేసేది. ఒక గదికి ఎన్ని గొట్టాలు కావాలో, వాటి మీదుగా ఎంత గాలిని తోలాలో ఎవరికీ కచ్చితంగా తెలియదు. అనుభవం మీద అంచనా కట్టి, చాలదేమోనన్న భయంతో కొంత ఎక్కువే బిగించేవారు. కొత్తగా వచ్చిన యువకుడు ఆ అంచనాలతో తృప్తి పడలేదు. వేడి గొట్టాల చుట్ట మీదుగా గాలిని పంపి, అది ఎంత వేగంతో పోతే ఎంత వేడిని గ్రహిస్తుందో కొలిచి పట్టికలు రాశాడు. ఆ పట్టికల వల్ల ఒక్క చలికాలంలోనే సంస్థకు 40,000 డాలర్లు ఆదా అయిందని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి.

ఆ యువకుడే విల్లిస్ హావిలాండ్ క్యారియర్. ఎయిర్ కండిషనింగ్ పితామహుడిగా లోకం ఆయనను గుర్తుంచుకుంది. కానీ ఆయన జీవితంలోని తొలి పాఠం చల్లదనానికి సంబంధించినది కాదు. గాలి, గొట్టం ఒకదానినొకటి తాకే ఉపరితలానికి సంబంధించినది. నేడు మన ఇళ్ల గోడల బయట, మేడల మీద, బాల్కనీల మూలల్లో దుమ్ము పట్టి కనిపించే ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు సరిగ్గా పనిచేయాలన్నా, కరెంటు బిల్లు అదుపులో ఉండాలన్నా ఆ పాఠమే ఆధారం.

ఆపిల్ పండ్లతో లెక్కలు

విల్లిస్ క్యారియర్ 1876 నవంబర్ 26న న్యూయార్క్ రాష్ట్రంలో ఈరీ సరస్సుకు సమీపంలోని అంగోలా అనే ఊళ్లో, ఒక రైతు కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులకు ఆయన ఒక్కడే సంతానం. తల్లి ఎలిజబెత్ చేతి పనిలో నేర్పరి. ఆగిపోయిన గడియారాలను, కుట్టు మిషన్లను ఇంట్లోనే విప్పి బాగుచేసేవారు. చెడిపోయిన వస్తువును పారవేయడం కంటే దాని లోపలి సంగతి తెలుసుకోవడం మేలన్న సంస్కారం పిల్లవాడికి అక్కడే అబ్బింది.

చిన్నతనంలో విల్లిస్‌కు భిన్నాల లెక్కలు కొరుకుడు పడలేదు. తల్లి నేలమాళిగ నుంచి ఆపిల్ పండ్లు తెప్పించి, వాటిని సగాలుగా, పావులుగా, అరపావులుగా కోసి, కూడికలు తీసివేతలు చేయించారు. కంటికి కనిపించేలా విడదీసుకుంటే ఎంతటి చిక్కు లెక్కయినా లొంగుతుందన్న సంగతి ఆ పిల్లవాడు జీవితాంతం మరచిపోలేదు. ఆయనకు 11 ఏళ్ల వయసులోనే తల్లి కన్నుమూశారు.

1890వ దశకంలో అమెరికాను ఆర్థిక మాంద్యం చుట్టుముట్టింది. ఉన్నత చదువుకు డబ్బు లేక యువ క్యారియర్ కొంతకాలం బడిపంతులుగా పనిచేశారు. తరువాత బఫెలోలో చదువు కొనసాగించి, పోటీ పరీక్షలో నెగ్గి, ఉపకార వేతనంతో 1897లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరారు. ఉపకార వేతనం అన్ని ఖర్చులకూ చాలేది కాదు. పచ్చిక కోయడం, కొలిమిలో బొగ్గు వేయడం వంటి పనులు చేసి మిగిలిన ఖర్చులు వెళ్లదీసుకున్నారు. చివరి ఏడాది తోటి విద్యార్థితో కలిసి దుస్తులు ఉతికించే సహకార వ్యాపారం కూడా నడిపారు. 1901లో ఇంజినీరింగ్ పట్టా చేతికి వచ్చింది. ఆ వెంటనే బఫెలో ఫోర్జ్‌లో ఉద్యోగం దొరికింది.

రంగులు చెదిరిన అచ్చుయంత్రం

1902 వేసవికి ముందు న్యూయార్క్ నగరం నుంచి ఒక వింత సమస్య ఆ సంస్థకు చేరింది. బ్రూక్లిన్‌లోని సాకెట్ విల్‌హెల్మ్స్ అనే ముద్రణాలయం రంగుల పుటలను అచ్చువేసేది. ఒక్కో రంగును ఒక్కో విడతలో కాగితం మీద అద్దాలి. గాలిలో తేమ పెరిగితే కాగితం ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. నిన్న ఎరుపు అద్దిన కాగితానికి ఇవాళ నీలం అద్దబోతే, రెండూ ఒకదానిపై ఒకటి సరిగా కూర్చునేవి కావు. కాగితం వృథా అయ్యేది, గడువులు దాటిపోయేవి.

ఈ చిక్కు 25 ఏళ్ల క్యారియర్ బల్ల మీదికి వచ్చింది. ఆయన తన పాత పట్టికలనే తిరగేశారు. ఆవిరి పంపిన గొట్టాల చుట్ట గాలికి వేడినిస్తే, అదే చుట్టలో చల్లని నీటిని పంపితే గాలి నుంచి వేడిని లాగివేయాలి. చల్లటి గొట్టాన్ని తాకిన గాలిలోని తేమ, ఎండాకాలంలో చన్నీళ్ల చెంబు మీద చెమర్చినట్టుగా, నీటి బిందువులై దిగిపోవాలి. వాతావరణ శాఖ ప్రచురించిన పట్టికల సాయంతో, గాలిలో 55 శాతం తేమ నిలవాలంటే గొట్టం ఎంత చల్లగా ఉండాలో, గాలి ఎంత వేగంతో పోవాలో ఆయన లెక్కగట్టారు.

ఆ యంత్రానికి సంబంధించిన చిత్రపటాల మీద 1902 జులై 17 తేదీ ఉంది. ఆధునిక ఎయిర్ కండిషనింగ్ పుట్టినరోజుగా చాలామంది భావించేది ఆ తేదీనే. మొదటి చుట్టలోకి బావి నీటిని, రెండో చుట్టకు అమోనియాతో పనిచేసే శీతల యంత్రాన్ని ఉపయోగించారు. రోజుకు 1,08,000 పౌండ్ల మంచుగడ్డ కరిగితే ఎంత వేడి తొలగుతుందో, అంత వేడిని ఆ ఏర్పాటు తొలగించగలిగేది.

ఈ అంకె వెనుక నేటి వినియోగదారుకు తెలిసిన మాట ఒకటి దాగి ఉంది. ఏసీ కొనేటప్పుడు ఒక టన్ను, ఒకటిన్నర టన్ను అంటారు. అది యంత్రం బరువు కాదు. 2,000 పౌండ్ల మంచుగడ్డ 24 గంటల్లో పూర్తిగా కరిగేటప్పుడు గ్రహించే వేడి ఎంతో, అది ఒక టన్ను. ఆ లెక్కన క్యారియర్ తొలి యంత్రం 54 టన్నులది. నేటి ఒకటిన్నర టన్నుల ఏసీలు 36 కలిపితే దానికి సమానం.

పొగమంచు చెప్పిన రహస్యం

ఆ ఏడాది శరత్కాలం చివర పిట్స్‌బర్గ్ రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద క్యారియర్ రైలు కోసం వేచి ఉన్నారు. చుట్టూ దట్టమైన పొగమంచు కమ్ముకుంది. గాలి పూర్తిగా తేమతో నిండి ఉన్నా, చల్లగా ఉండటం వల్ల అందులోని నీటి పరిమాణం తక్కువేనని ఆయనకు స్ఫురించింది. నీటి తుంపరల గుండా గాలిని పంపి, ఆ నీటి చల్లదనాన్ని అదుపులో ఉంచితే గాలిలోని తేమను కోరుకున్నంతకు తేగలమన్న ఆలోచన అక్కడే రూపుదిద్దుకుంది. నీటితో గాలిని పొడిబార్చడం వినడానికి విడ్డూరమే. కానీ లెక్క సరిగ్గా కుదిరింది.

ఆ ఆలోచనతో రూపొందిన తుంపరల యంత్రానికి 1906 జనవరి 2న అమెరికా పేటెంట్ లభించింది. సంఖ్య 8,08,897. పేటెంట్‌లో దానిని గాలిని శుద్ధిపరిచే సాధనంగా పేర్కొన్నారు. ఆ యంత్రం చేసే పనుల్లో గాలిలోని దుమ్మును కడిగివేయడం కూడా ఒకటి. గాలిని చల్లబరిచే పనికీ, గాలి తెచ్చే మురికిని తొలగించే పనికీ ఆనాడే ముడి పడింది.

ఎయిర్ కండిషనింగ్ అన్న మాటను మాత్రం క్యారియర్ సృష్టించలేదు. 1906లో స్టువార్ట్ క్రామర్ అనే జౌళి ఇంజినీరు నూలు మిల్లుల్లో తేమను సరిచేసే పద్ధతికి ఆ పేరు పెట్టారు. నూలు దారం పొడిగాలిలో తెగిపోతుంది. తేమ సమంగా ఉంటే మగ్గాలు ఆగకుండా నడుస్తాయి. దక్షిణ అమెరికా రాష్ట్రాల నూలు మిల్లుల నుంచి, 1907 నాటికి జపాన్‌లోని యోకోహామా పట్టు మిల్లు వరకు క్యారియర్ యంత్రాలు చేరాయి. మనుషుల సుఖం కోసం ఈ యంత్రాన్ని వాడటం ఆ తరువాతి మాట. తొలి ఏళ్లలో అది కాగితానికి, నూలుకు, పట్టుకు సేవ చేసింది.

1911 డిసెంబరులో అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం ముందు ఆయన ఒక పత్రం సమర్పించారు. గాలి ఉష్ణోగ్రత, తేమ, మంచుబిందువు ఒకదానిపై ఒకటి ఎలా ఆధారపడతాయో వివరించే సూత్రాలు, వాటి పటం అందులో ఉన్నాయి. ఈనాటికీ ఇంజినీరింగ్ విద్యార్థులు ఆ పటం వారసులనే తరగతి గదుల్లో చదువుతున్నారు.

వేడికి ఒక గమ్యం కావాలి

1914లో ఐరోపాలో యుద్ధం మొదలైంది. బఫెలో ఫోర్జ్ యాజమాన్యం ఖర్చులు తగ్గించుకోవాలని నిశ్చయించి, క్యారియర్ విభాగాన్ని మూసివేసేందుకు సిద్ధపడింది. అప్పటికి ఆయనకు 38 ఏళ్లు. తనను నమ్మిన ఆరుగురు సహచరులతో కలిసి 32,600 డాలర్ల పెట్టుబడి కూడదీసి, 1915 జూన్‌లో సొంత సంస్థను స్థాపించారు.

ఆ రోజుల్లో శీతల యంత్రాలు భారీగా ఉండేవి. ఎక్కువ భాగం అమోనియాతో పనిచేసేవి. అమోనియా లీకైతే ప్రాణాలకే ముప్పు. జనం గుమికూడే చోట అలాంటి యంత్రాన్ని పెట్టడానికి యజమానులు వెనుకాడేవారు. 1922 మేలో క్యారియర్ ఒక కొత్త శీతల యంత్రాన్ని ప్రపంచానికి చూపించారు. ముందుకూ వెనక్కూ కదిలే పిస్టన్లకు బదులు, గిర్రున తిరిగే సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్ అందులో ఉంది. అమోనియా కంటే సురక్షితమైన ద్రవాన్ని ఆయన దానికి ఎంచుకున్నారు. యంత్రం పరిమాణం తగ్గింది, భాగాల సంఖ్యా తగ్గింది.

1924లో డెట్రాయిట్‌లోని హడ్సన్ దుకాణంలో ఆ యంత్రాలు నెలకొన్నాయి. అంతకుముందు రద్దీ రోజుల్లో అక్కడ కొనుగోలుదారులు ఉక్కకు సొమ్మసిల్లేవారు. 1925 వేసవి ఆరంభంలో న్యూయార్క్‌లోని రివోలి సినిమాహాలులో ప్రారంభ ప్రదర్శన జరిగింది. ప్రేక్షకులు అలవాటుగా విసనకర్రలు తెచ్చుకున్నారు. హాలు నెమ్మదిగా చల్లబడింది. ఒక్కొక్కటిగా విసనకర్రలు ఆగిపోయాయి. ఆ తరువాత వేసవి కాలం సినిమాహాళ్లకు గిరాకీ కాలంగా మారింది. 1928లో అమెరికా ప్రతినిధుల సభ, 1929లో సెనేట్ సభామందిరాలు కూడా చల్లబడ్డాయి.

ఈ విజయాలన్నింటి వెనుక ఒకే నియమం ఉంది. చల్లదనాన్ని ఎవరూ పుట్టించలేరు. ఒక చోట ఉన్న వేడిని తీసి మరొక చోట పడవేయగలరు, అంతే. గదిలోని వేడిని గ్రహించే చుట్ట ఒకటైతే, దానిని బయటికి వదిలే చుట్ట మరొకటి. ఈ రెండో చుట్టకే కండెన్సర్ కాయిల్ అని పేరు. పెద్ద భవనాల యంత్రాల్లో ఈ పని నీరు చేస్తుంది. ఇళ్లలోని స్ప్లిట్ ఏసీల్లో, కిటికీ ఏసీల్లో బయటి గాలి చేస్తుంది. మొదటి చుట్ట ఎంత బాగున్నా, రెండో చుట్ట దగ్గర దారి మూసుకుపోతే యంత్రం మొత్తం చతికిలబడుతుంది.

గోడ బయటి చుట్ట

క్యారియర్ 1950 అక్టోబర్ 7న న్యూయార్క్ నగరంలో, 73 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన జీవితకాలంలో ఏసీ ప్రధానంగా కర్మాగారాలకు, హాళ్లకు, కార్యాలయాలకు చెందిన యంత్రం. గాలితో చల్లబడే చిన్న కండెన్సర్ దక్షిణాసియాలోని మధ్యతరగతి ఇళ్ల గోడల మీదికి చేరింది ఆయన మరణించిన ఎన్నో దశాబ్దాల తరువాతే. కానీ ఆ పెట్టెలో జరిగేదంతా ఆయన 1901లో కొలిచిన సంగతే. గొట్టం, గాలి, వాటి మధ్య ఉపరితలం.

అవుట్‌డోర్ యూనిట్ వెనుక, పక్క భాగాల్లో కనిపించేదే ఈ కాయిల్. రాగి లేదా అల్యూమినియం గొట్టాల వరుసలకు ఫిన్స్ అని పిలిచే పలుచని అల్యూమినియం రేకులు వందల సంఖ్యలో గుచ్చి ఉంటాయి. రేకుకూ రేకుకూ మధ్య సందు ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఫ్యాన్ వెనుక నుంచి గాలిని లాగి, ఈ సందుల గుండా పోనిచ్చి, ముందు వైపు నుంచి వదులుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ గది నుంచి సుమారు 5.2 కిలోవాట్ల వేడిని తీస్తుంది. కంప్రెసర్ వాడుకున్న కరెంటు కూడా చివరికి వేడిగానే మారుతుంది. ఈ రెండూ కలిసి ఆ ఇరుకు సందుల గుండానే బయటపడాలి.

వేడి ఎప్పుడూ ఎక్కువ వేడి ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికే ప్రవహిస్తుంది. కనుక బయట 44 డిగ్రీల సెల్సియస్ ఎండ కాస్తుంటే, కాయిల్‌లోని వాయువు అంతకంటే వేడిగా ఉండాలి. శుభ్రంగా ఉన్న కాయిల్‌కు పది పదిహేను డిగ్రీల తేడా సరిపోవచ్చు. సందుల్లో దుమ్ము పేరుకుంటే గాలి తగ్గుతుంది, రేకులకు దుప్పటి కప్పినట్టవుతుంది. అంతే వేడిని వదలాలంటే వాయువు ఇంకా వేడెక్కాలి, దాని పీడనం ఇంకా పెరగాలి. ఆ భారమంతా కంప్రెసర్ మీద పడుతుంది. కరెంటు ఎక్కువ కాలుతుంది, గది చల్లదనం తగ్గుతుంది. మిట్ట మధ్యాహ్నం యంత్రం తనంతట తాను ఆగిపోవడం, కాసేపటికి మళ్లీ మొదలవడం దీని లక్షణాల్లో ఒకటి. ఇలాగే నెలల తరబడి నడిస్తే కంప్రెసర్ కాలిపోయే ప్రమాదం ఉంది. ఏసీలో అన్నింటికంటే ఖరీదైన భాగం అదే.

దక్షిణాసియాలో ఈ మురికికి రూపాలు అనేకం. ఢిల్లీ, లాహోర్ పరిసరాల్లో ఎండాకాలపు దుమ్ముగాలులు, శీతాకాలపు పొగ ఉంటాయి. విశాఖపట్నం, చెన్నై, ముంబయి, కరాచీ వంటి తీర నగరాల్లో సముద్రపు ఉప్పుగాలి అల్యూమినియం రేకులను తినివేస్తుంది. కొత్తగా భవనాలు లేస్తున్న హైదరాబాద్ శివార్లలో సిమెంటు ధూళి తేమతో కలిసి గట్టిపడుతుంది. వంటింటి ఎగ్జాస్ట్ పక్కనే యూనిట్ పెడితే నూనె జిడ్డు పట్టి, ఆ జిడ్డుకు దుమ్ము అతుక్కుంటుంది. ఇక యూనిట్ వెనుక గూడు కట్టే పావురాల సంగతి ప్రతి అపార్ట్‌మెంటు వాసికీ తెలిసినదే.

శుభ్రం చేసే క్రమం

ఈ పనికి వేసవి మొదలయ్యే ముందు కాలం అనువైనది. దుమ్ము ఎక్కువగా ఉన్న చోట, సముద్రతీరంలో ఏడాదికి రెండు మూడు సార్లు చేయడం మంచిది. ఇండోర్ యూనిట్ ఫిల్టర్‌ను ఇంటివారే రెండు వారాలకొకసారి కడుక్కోవచ్చు. బయటి కాయిల్‌కు మాత్రం కొంత మెళకువ కావాలి.

మొదట రిమోట్‌తో ఆపడం సరిపోదు. ఏసీకి వచ్చే ఎంసీబీని కట్టివేయాలి. యూనిట్ లోపలి కెపాసిటర్‌లో కరెంటు ఆపిన తరువాత కూడా కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది. అందువల్ల పై మూత విప్పి లోపల చేయి పెట్టే పని శిక్షణ పొందిన మెకానిక్‌కే వదలాలి. విద్యుత్ భాగాలు ఉన్న పెట్టెను ప్లాస్టిక్ కవరుతో కప్పిన తరువాతే నీళ్లు పట్టాలి.

ఎండిన దుమ్మును మెత్తని బ్రష్‌తో ముందుగా దులపాలి. రేకులు నిలువుగా ఉంటే బ్రష్ కూడా నిలువుగానే కదలాలి. అడ్డంగా రుద్దితే రేకులు వంగి సందులు మూసుకుపోతాయి. తరువాత తక్కువ ఒత్తిడితో నీళ్లు చల్లాలి. వీలైనంత వరకు లోపలి నుంచి బయటికి చల్లడం మేలు. గాలి బయటి నుంచి లోపలికి మోసుకొచ్చిన మురికిని వచ్చిన దారినే వెనక్కి పంపడం దీని ఉద్దేశం. బయటి నుంచి బలంగా కొడితే మురికి రేకుల మధ్యలోకి మరింతగా దూరిపోతుంది. కార్లు కడిగే జెట్ పంపును దగ్గరగా పెట్టి కొడితే రేకులు కాగితాల్లా మడతపడతాయి. అలా మడతపడిన రేకులను సరిచేసేందుకు ప్రత్యేకమైన దువ్వెన ఉంటుంది. ఓపికతో దువ్వితే చాలావరకు నిటారు అవుతాయి.

జిడ్డు ఉంటే గాఢత తక్కువైన సబ్బు నీరు గాని, అల్యూమినియం కోసమే తయారైన కాయిల్ క్లీనర్ గాని వాడవచ్చు. బాత్రూములు కడిగే ఆమ్లాన్ని ఎన్నడూ వాడకూడదు. అది మురికితో పాటు లోహాన్నీ తింటుంది. ఏది వాడినా చివరికి మంచినీటితో పూర్తిగా కడిగి, ఆరిన తరువాతే కరెంటు ఇవ్వాలి. తీర ప్రాంతాల్లో అప్పుడప్పుడు మంచినీళ్లతో ఉప్పును కడిగివేసినా కాయిల్ ఆయుష్షు పెరుగుతుంది.

యూనిట్ చుట్టూ ఖాళీ ఉంచడం కూడా శుభ్రతలో భాగమే. అందం కోసం దానికి నాలుగు వైపులా జాలీ కట్టినా, బాల్కనీలో సామాను అడ్డం పెట్టినా వదిలిన వేడి గాలినే యంత్రం మళ్లీ పీల్చుకుంటుంది. అప్పుడు ఎంత కడిగినా ప్రయోజనం ఉండదు.

పెద్ద భవనాల్లో, ఆసుపత్రుల్లో, నీటితో పనిచేసే కండెన్సర్లకు వేరే జబ్బు ఉంటుంది. కఠిన జలంలోని సున్నం గొట్టాల లోపలి గోడలకు పేరుకుంటుంది. ఇంట్లో గీజరు లోపల కట్టే తెల్లని పొక్కు వంటిదే ఇదీ. నీటిని శుద్ధి చేయడం, ఏటా గొట్టాలను లోపలి నుంచి బ్రష్‌తో తోమడం దీనికి మందు.

గ్యాస్ తగ్గిందన్న మాట

గది చల్లబడకపోతే గ్యాస్ తగ్గిందని, నింపించాలని వినియోగదారులు తరచుగా వింటుంటారు. ఏసీలోని రిఫ్రిజెరెంట్ బండిలో పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. అది మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడో చిల్లు పడితేనే తగ్గుతుంది. కాబట్టి నిజంగా తగ్గితే లీకు వెతికి, మూసి, ఆ తరువాతే నింపాలి. కాయిల్ మురికి పట్టినా గది చల్లబడదు. పైపైన చూస్తే రెండు జబ్బుల లక్షణాలూ ఒకేలా ఉంటాయి. అందుకే గ్యాస్ సంగతి తేల్చే ముందు కాయిల్‌ను శుభ్రం చేసి, ఆ తరువాత పీడనం కొలిపించడం వివేకం. అంచనా కట్టి ఎక్కువ బిగించే అలవాటును కాదని, ముందుగా కొలిచి చూసిన క్యారియర్ పద్ధతి ఇక్కడ కూడా పనికివస్తుంది.

గ్యాస్ లీకు డబ్బుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. క్యారియర్ చివరి దశాబ్దాల్లో అమోనియా స్థానంలోకి ఫ్రియాన్ వంటి వాయువులు వచ్చాయి. అవి మంటలు పుట్టించవు, విషం కాదు అని అందరూ సంతోషించారు. ఆకాశంలోని ఓజోన్ పొరను అవి దెబ్బతీస్తున్నాయని తేలాక, 1987లో మాంట్రియల్ ఒప్పందం ద్వారా ప్రపంచ దేశాలు వాటిని దశలవారీగా వదలాలని అంగీకరించాయి. ఇప్పటి వాయువుల్లో చాలావరకు ఓజోన్‌కు హాని చేయవు గాని, గాలిలో కలిస్తే భూతాపాన్ని పెంచుతాయి. కొన్నింటికి స్వల్పంగా మండే గుణం కూడా ఉంది. కాయిల్ కడిగేటప్పుడు గొట్టాన్ని వంచకుండా, తొలవకుండా జాగ్రత్త పడవలసిన కారణాల్లో ఇదీ ఒకటి.

గోడ మీది మనిషి

ఈ కథలో క్యారియర్ చూడని పాత్ర ఒకటి ఉంది. మూడో అంతస్తులోనో ఐదో అంతస్తులోనో, కిటికీ చట్టం మీద ఒక కాలు, ఇనుప స్టాండు మీద మరో కాలు పెట్టి, మండుటెండలో కాయిల్ కడిగే మెకానిక్ అతడు. అతడి పనికి గిరాకీ ఎండలు ముదిరినప్పుడే. ఇల్లు కట్టేటప్పుడే యూనిట్‌ను సులభంగా చేరగల చోట, నిలబడడానికి స్థలం ఉన్న చోట అమర్చితే అతడి ప్రాణానికి భద్రత. అది లేని చోట నడుముకు తాడు, బెల్టు లేకుండా అతడిని బయటికి దింపకపోవడం పిలిచినవారి బాధ్యత. ఎండలు రాకముందే, ఉదయం వేళల్లో ఈ పని చేయించుకుంటే అతడికీ మేలు, ఇంటికీ మేలు.

వీధిలో నడిచేవారి సంగతి కూడా ఉంది. ప్రతి అవుట్‌డోర్ యూనిట్ ఒక గది వేడిని వీధిలోకి వదులుతుంది. ఏసీ కొనలేనివారు ఆ వీధిలోనే ఉంటారు. మురికి పట్టిన కాయిల్ అంతే చల్లదనం ఇచ్చేందుకు మరింత కరెంటు కాల్చి, ఆ కరెంటును కూడా వేడిగా వీధిలోకే పోస్తుంది. భారతదేశంలో 2020 జనవరి నుంచి గది ఏసీలు 24 డిగ్రీల అమరికతోనే మొదలయ్యేలా ఉండాలని ఇంధన సామర్థ్య సంస్థ నియమం తెచ్చింది. ఆ నియమం ఆశించిన పొదుపు చేతికి అందాలంటే గోడ బయటి రేకులు కూడా శుభ్రంగా ఉండాలి.

క్యారియర్ వృద్ధాప్యంలో కూడా పని మానలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, విమానాలు ఎగిరే ఎత్తుల్లోని తీవ్రమైన చలిని నేల మీద కల్పించి ఇంజిన్లను పరీక్షించేందుకు క్లీవ్‌లాండ్‌లో ఒక గాలి సొరంగం నిర్మించారు. దానికి శీతల వ్యవస్థను రూపొందించడంలో ఆయన ముఖ్యపాత్ర వహించారు. తన పనులన్నింటిలోకీ దానిని గొప్పదిగా ఆయన భావించారని చెబుతారు. 1985లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల ప్రతిష్ఠా మందిరంలో ఆయన పేరు చేర్చారు. ఆయన సమాధి బఫెలో నగరంలోనే ఉంది. వారానికి 10 డాలర్ల జీతానికి, వేడి గొట్టాల మీదుగా పోయే గాలిని తొలిసారి కొలిచినది కూడా ఆ నగరంలోనే.